దుబ్బు మొదట ఉన్న బలగం

మన సంస్థలో పనిచేసేవారిలో స్వగ్రామాన కొద్దో గొప్పో మాగాణి ఉన్నవారు తక్కువేమీ కారు. "చేనికి దోమపోటు తగిలింది, ఏ మందు కొట్టమంటారు?" అని ఊరినుండి కబురు రావడం వారికి అనుభవమే. మందు పేరు చెప్పే ముందు, దుబ్బులు విడదీసి మొదళ్ళు చూసి రమ్మని చెప్పవలసిందిగా మా మనవి.

సుడిదోమ నీటికి కాస్త పైన, దుబ్బు మొదట గుంపులుగా చేరి రసం పీలుస్తుంది. పైరు సుడులు సుడులుగా ఎండి పడిపోతుంది. అయితే దాని శత్రువులు కూడా ఆ మొదళ్ళలోనే కాపురముంటాయి. వాటిలో ముఖ్యమైనది ఆకుపచ్చ, నలుపు రంగులు కలిసిన మిరిడ్ నల్లి. దోమ తన గుడ్లను ఆకు తొడుగు లోపల దాచిపెడుతుంది. పైన చల్లిన మందు అక్కడికి సరిగా చేరదు. నల్లి సూదిముక్కు మాత్రం చేరుతుంది. తోడేలు సాలీడు గూడు అల్లుకొని కూర్చోదు, నీటిమీద సైతం పరుగెత్తి దోమను పట్టుకుంటుంది. (సాలీడు ఎనిమిది కాళ్ళ జీవి, శాస్త్రరీత్యా కీటకం కాదు. రైతుకు ఆ భేదంతో పనిలేదు.) అక్షింతల పురుగులు, సూదుల తూనీగలు సరేసరి.

తొందరపడి విషం చల్లితే ముందుగా నశించేది ఈ బలగమే. తొడుగులోని గుడ్లు పిల్లలై బయటికి వచ్చేసరికి వాటిని అడ్డుకునేవారుండరు. ఇండోనేషియా ఈ పాఠాన్ని భారీ మూల్యం చెల్లించి నేర్చుకున్నది. సుడిదోమ విజృంభణకు మందులే దోహదం చేస్తున్నాయని గ్రహించి, 1986 నవంబరులో అక్కడి ప్రభుత్వం వరిపై 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది. క్రమంగా మందులపై సబ్సిడీని కూడా ఎత్తివేసింది. అయినా ధాన్యం దిగుబడి పడిపోలేదు.

"దోమ కళ్ళెదుట కనబడుతూంటే చేతులు ముడుచుకొని కూర్చోవాలా?" అని రైతు అడుగుతాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అతని పెట్టుబడి అంతా ఆ చేనిలోనే ఉన్నది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే లెక్క ఇక్కడ ఉపకరిస్తుంది. సాలీళ్ళు లేనిచోట పిలకకు ఒక దోమ ఉంటే మందు ఆలోచించాలి. దుబ్బుకు ఒక సాలీడు ఉన్నచోట పిలకకు రెండు దోమలవరకు ఓర్చుకోవచ్చు. ఈలోగా నీరు తీసి చేను ఆరబెట్టడం, యూరియా తగ్గించడం మన చేతిలో పనులే. లెక్క దాటితే మందు తప్పదు. అప్పుడు కూడా సింథటిక్ పైరిత్రాయిడ్ల జోలికి పోక, తగిన మందును దుబ్బు మొదళ్ళు తడిసేలా కొట్టించాలి. ఆకులపై చల్లిన మందు వల్ల ఖర్చే మిగులుతుంది.