కొలిచి పోసే ఎండ

రుద్రవరంలో ఎండకు కరువు లేదు. నల్లమల అంచున ఉన్న ఆ మండలంలో మే నెల మిట్టమధ్యాహ్నం తలగుడ్డ లేకుండా పొలంలో నిలబడేవాళ్లు అరుదు. అయినా అక్కడి మనిషికి సోరియాసిస్ పొలుసులు లేచినా, బొల్లి మచ్చలు పాకినా, కరెంటు దీపాల పెట్టెలో కాసేపు నిలబడి రమ్మని డాక్టరు చెప్పవచ్చు. ఊరంతా ఎండ కాస్తుంటే దీపమెందుకు?

ఆ దీపం కథ ఎండ సరిగా దొరకని దేశంలో మొదలైంది. ఫారో దీవుల్లో 1860లో పుట్టిన నీల్స్ ఫిన్సెన్ కోపెన్‌హాగన్‌లో డాక్టరయ్యాడు. తానే దీర్ఘరోగి. 1895లో ఆర్క్ దీపం వెలుగును కటకాలతో ఒకచోటికి చేర్చి, ముఖాన్ని కొరుక్కుతినే చర్మక్షయ మీద పడేలా చేశాడు. ఒళ్లు కాలకుండా మధ్యలో నీళ్లు పెట్టాడు. రక్తం వెలుగును మింగేస్తుందని, నర్సులు మరో కటకాన్ని చర్మానికి అదిమిపట్టి రక్తాన్ని పక్కకు నెట్టేవారు. 1903లో నోబెల్ వచ్చింది. మరుసటి ఏడాది, 43 ఏళ్లకే పోయాడు.

తమాషా ఏమిటంటే, క్రిముల్ని చంపేది అతినీలలోహిత కిరణాలేనని ఆయన నమ్మాడు. వందేళ్ల తర్వాత డెన్మార్క్ పరిశోధకులే ఆ పాత పరికరాలను కొలిచి చూస్తే, 340 నానోమీటర్లకు దిగువన ఉన్న కిరణాలను అవి బయటికే రానివ్వలేదని తేలింది. క్షయ క్రిమిలోని పోర్ఫిరిన్లు ఊదా, నీలి వెలుగును పీల్చుకుని ఆ క్రిమినే దెబ్బతీసి ఉంటాయని వాళ్ల అంచనా. కారణం ఏదైతేనేం, పుండ్లు మానాయి.

మామూలు గాజు ఆపేసే ఆ అతినీలలోహిత కిరణాలు బయటికి రావాలంటే క్వార్ట్జ్ కావాలి. జర్మనీలోని హనావ్‌లో రిచర్డ్ క్యూఖ్ అనే శాస్త్రవేత్త దాన్ని కరిగించి గొట్టం చేసి, 1904 నాటికి పాదరస దీపం తయారుచేశాడు. 1919లో బెర్లిన్‌లో హుల్డ్‌షిన్‌స్కీ అనే డాక్టరు దాని కింద పడుకోబెట్టిన రికెట్స్ పిల్లల ఎముకలు గట్టిపడ్డాయి. ఫిజియోథెరపీ గదుల్లోకీ ఆ దీపం వచ్చి, మానని పుండ్లకూ చర్మవ్యాధులకూ పనికొచ్చింది.

మన దగ్గర ఇంతకంటే చాలా పాత పద్ధతి ఒకటుంది: బొల్లి మచ్చకు బావంచాల గింజలు నూరి పూసి ఎండలో కూర్చోవడం. ఆ గింజల్లోని సోరాలిన్ చర్మానికి వెలుగు మరింతగా తగిలేలా చేస్తుంది. చిక్కల్లా మోతాదుతోనే. ఎంత పూశారో, ఎండ ఎంతుందో తెలియక పొక్కులు లేచే ప్రమాదం ఉంది. సోరాలిన్‌నే మందుగా ఇచ్చి, కొలిచిన దీపం కింద నిలబెట్టే పువా చికిత్స 1974లో అమెరికాలో వెలువడింది.

దీపం గొప్పంతా ఆ కొలతే. పాత పద్ధతిలో ముంజేతి మీద కన్నాల అట్ట పెట్టి, ఒక్కో కన్నానికి ఒక్కో వ్యవధి పాటు వెలుగు తగలనిస్తారు. మర్నాడు వాటిలో తక్కువ వెలుగుకే లేత ఎరుపెక్కినది ఏదో చూసి, దాన్నిబట్టి మోతాదు కడతారు. మన చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు పట్టుకోవడం అంత తేలిక కాదు. ఎండలో రకరకాల కిరణాలు కలగలిసి ఉంటాయి. ఇప్పటి దీపాల గొట్టాలు మాత్రం దాదాపు 311 నానోమీటర్ల దగ్గరే వెలుగుతాయి. కళ్లకు రక్షణగా కళ్లద్దాలు తప్పనిసరి.

ఈ చికిత్సకు వారానికి రెండుమూడు సార్లు, నెలల తరబడి వెళ్లాలి. కూలి పోగొట్టుకుని బస్సెక్కేవాళ్లకు అదే అసలు భారం. గొట్టాలు వాడేకొద్దీ నీరసిస్తాయి కనుక ఎన్ని గంటలు వెలిగాయో రాసిపెట్టుకోవాలి. కొత్తవి బిగించిన రోజున పాత లెక్క ప్రకారమే నిలబెడితే ఒళ్లు కమిలిపోతుంది.