పటముల పొరలను కలుపుట: రైతు తెలిసికొనవలసిన సంగతులు

ఊటకుంటకు స్థలము నిర్ణయించునప్పుడును, క్రొత్త బావికి అనుమతి అడుగునప్పుడును, చవుడు నేలలకు జిప్సము పంచునప్పుడును "పటమున నిట్లున్నది" యను మాట నేడు గ్రామములలో తరచుగా వినవచ్చుచున్నది. ఆ పటము పూర్వమువలె ఒక్క కాగితముపై గీసినది కాదు. నేలల పటము, వాలుల పటము, వాగుల పటము, సర్వే నంబర్ల పటము మొదలగువానిని కంప్యూటరులో ఒకదానిపై నొకటి పరచి, కలిపి తీసినది. ఇట్లు కలుపు సాధనమును భౌగోళిక సమాచార వ్యవస్థ యనియు, పొడి అక్షరములలో జి.ఐ.యస్. అనియు వ్యవహరింతురు. కుంట ఎవరి పొలమున పడునో, బావి ఎవరికి దొరకునో ఆ పటమునుబట్టి తేలుచుండగా, దాని మర్మము నెరుగని రైతు తన పొలము సంగతిని ఇతరుల చేతులలో పెట్టినవాడగును. కావున ఆ పద్ధతి యెట్టిదో, దాని నెంతవరకు నమ్మవచ్చునో ఇచట వివరించుచున్నాము.

పుట్టుక

ఈ పద్ధతి పుట్టుటకు భూమిని గూర్చిన విచారమే కారణము. 1960 తరువాతి సంవత్సరములలో కెనడా ప్రభుత్వము తన భూములలో ఏవి సేద్యమునకు, ఏవి అడవులకు, ఏవి వన్యమృగములకు తగినవో లెక్క తీయ బూనెను. సేద్యమునకుగల యోగ్యతనుబట్టి నేలలను 7 తరగతులుగా విభజించిరి. అన్ని పటములను చేతితో పోల్చి కొలుచుట దుస్సాధ్యమని గ్రహించి, రోజర్ టామ్లిన్సన్ అను భూగోళ శాస్త్రజ్ఞుడు ఆ పనిని కంప్యూటరుచేత చేయించెను. నేడు క్యూ.జి.ఐ.యస్. అను సాఫ్టువేరు ఉచితముగా లభించుచున్నది. దాని నిర్మాణము 2002లో ఆరంభమయ్యెను. హైదరాబాదునందలి జాతీయ దూరసంవేదన కేంద్రమువారు 2009 నుండి "భువన్" ద్వారా ఉపగ్రహ చిత్రములను, పటములను అందరికి చూపుచున్నారు.

పొర యనగా నేమి?

పలుచని నూనెకాగితములు కొన్ని తీసికొని, ఒకదానిపై సర్వే నంబర్ల గట్లను, రెండవదానిపై నేలల రకములను, మూడవదానిపై భూగర్భజలపు లోతును గీసితి మనుకొందము. ఒక్కొక్క కాగితము ఒక్కొక్క పొర. మూడింటిని చేర్చి వెలుతురునకు పట్టినచో అన్ని గీతలును ఒకచోట కానవచ్చును. కంప్యూటరు చేయునదియు ఇదియే. అయితే అది చూపుటతో ఆగదు. గీతలు ఖండించుకొనిన చోటనెల్ల క్రొత్త ముక్కలు చేసి, వాని విస్తీర్ణమును కట్టి, ప్రతి ముక్కకును దాని వివరములను పట్టికగా చేర్చును.

ఉదాహరణమునకు 6 ఎకరముల సర్వే నంబరు ఒకటి కలదనుకొందము. అందు తూర్పున 4 ఎకరములు నల్లరేగడి, పడమట 2 ఎకరములు చవుడు. ఉత్తరపు సగమున నీరు 10 మీటర్ల లోతునను, దక్షిణపు సగమున 20 మీటర్ల లోతునను ఉన్నది. మూడు పొరలను కలిపినచో ఆ పొలము నాలుగు ముక్కలగును. రేగడిలో 2 ఎకరములవి రెండు, చవుడులో ఎకరమువి రెండు. జిప్సము 2 ఎకరములకే కావలెనని, బావికి ఉత్తరపు భాగము మేలని పట్టికయే చెప్పును. సంఘము ఊరియందలి పొలములన్నిటికి ఇట్లు లెక్క తీసినచో, ఎంత సరకు తెప్పించవలెనో ముందుగానే తెలియును.

కలుపుటలో వేరు విధములును గలవు. రెండు పొరలకును సామాన్యమగు భాగమునే తీయవచ్చును. ఒకదాని భాగమును మరియొకదానినుండి కోసివేయవచ్చును. ప్రభుత్వ త్రాగునీటి వనరునకు 250 మీటర్లలోపల అధికారుల అనుమతి లేనిదే యంత్రముతో నీరు తోడు బావి త్రవ్వరాదని 2002 నాటి వాల్టా చట్టము చెప్పుచున్నది. ఆ వనరు చుట్టును 250 మీటర్ల వలయము గీసి, దానిని పొలముల పొరనుండి కోసినచో, ఎవరి భూమి ఆంక్షకు లోబడునో స్పష్టమగును.

మార్కులును, వాని బరువులును

గీతలకు బదులు భూమి నంతయు చిన్న చదరపు గడులుగా విభజించి, ప్రతి గడికి ఒక అంకె వేయు పద్ధతియు కలదు. 2000లో ఎండెవర్ అను అంతరిక్ష నౌక నుండి కొలిచిన భూతలపు ఎత్తులు ఇట్టి గడులుగా లభించుచున్నవి. గడి ప్రక్క సుమారు 30 మీటర్లు. అనగా గడి యొక్కటికి రమారమి 22 సెంట్లు. ఆ 22 సెంట్లకును ఒకే ఎత్తు. మీ పొలములోని రెండడుగుల గట్టు దాని కంటికి కనబడదు.

ఇట్టి పొరలను కలుపుటయనగా గడుల అంకెలను కూడుట. కుంటకు రెండు స్థలములు పోటీలో నున్నవనుకొందము. పదింటికి మొదటి స్థలమునకు నేలలో 8, వాలులో 4 మార్కులు. రెండవదానికి నేలలో 5, వాలులో 6. నేలకును వాలునకును సమానమగు బరువు నిచ్చినచో మొదటిదానికి 6, రెండవదానికి 5½ వచ్చి మొదటిదే నెగ్గును. వాలునకు ముప్పాతిక, నేలకు పాతిక బరువు నిచ్చినచో మొదటిదానికి 5, రెండవదానికి 5¾ వచ్చి రెండవది నెగ్గును. భూమి మారలేదు, పొరలు మారలేదు. బరువులు మాత్రమే మారినవి. ఆ బరువులు నిర్ణయించునది కంప్యూటరు కాదు, మనుష్యులు. కావున "కంప్యూటరు చెప్పినది" అనగానే ఊరకుండక, బరువులు ఎవరు, ఏ కారణముచే నిర్ణయించిరని సర్వసభ్య సమావేశమున అడుగుట సభ్యుల హక్కును, ధర్మమును.

మోసపుచ్చు లోపములు

మొదటిది, స్థానభేదము. మన దేశపు పాత పటములు ఎవరెస్టు లెక్కను అనుసరించినవి. ఉపగ్రహములతో స్థానము తెలుపు జి.పి.యస్. లెక్క వేరు. ఏ పటము ఏ లెక్కదో సాఫ్టువేరునకు సరిగా తెలుపనిచో, మన ప్రాంతమున ఒక పొర మరియొకదానికి నూరు మీటర్లకు పైగా ప్రక్కకు జరుగును. నీ బావి పొరుగువాని పొలములో కనబడుట కిది చాలును.

రెండవది, కొలభేదము. 1:50,000 కొలగల పటముపై అర మిల్లీమీటరు గీత నేలపై 25 మీటర్ల వెడల్పు ఆక్రమించును. తెరపై ఎంత పెద్దదిగా చూపినను దాని నిజము పెరుగదు. అట్టి నేలల పటమును సర్వే నంబర్ల పటముతో కలిపి, సెంట్లవరకు లెక్క చెప్పుట నమ్మదగినది కాదు.

మూడవది, కాలభేదము. వైశాఖమునాటి నీటి మట్టము వేరు, కార్తీకమునాటిది వేరు. పదియేండ్ల క్రిందటి వాగు నేడు దారి మార్చుకొని యుండవచ్చును.

నాలుగవది, పీలికలు. ఒకే గట్టును ఇరువురు వేరువేరుగా గీసినచో గీతలు సరిగా కలియక, నడుమ సన్నని పీలికలు మిగులును. వానిని ఏరివేయనిచో కొన్ని సెంట్లు లేని హక్కుగా ఒకరికి చేరును, ఉన్న హక్కు మరియొకరికి తరుగును.

రైతు చేయవలసినది

పటము పనికిరానిదని మా అభిప్రాయము కాదు. ఊరంతయు తిరిగి నెలలు పట్టు పరిశీలనను అది కొద్ది దినములలో ముగించును. గట్టుపై నిలిచినవానికి కనబడని సంబంధములను చూపును. కాని పొరలన్నిటిలో ఏది మిక్కిలి బలహీనమో, కలిపిన పటమునకు దాని బలమే యుండును. గొలుసు తెగునది సన్నని కొక్కెమువద్దనే గదా.

కావున సంఘము తీర్మానము చేయుటకు ముందు ఈ సంగతులను విచారింపుడు: ప్రతి పొర ఏ యేటిది? ఏ కొలది? ఏ లెక్క ననుసరించినది? బరువులు ఎవరు నిర్ణయించిరి? పిమ్మట పటమును చేతబట్టి, ఆ పొలముల రైతులను వెంటబెట్టుకొని, గుర్తించిన చోటికి నడచి చూడుడు. బావియో, గుడియో, వంతెనయో పటమున ఉన్నచోటనే నేలపైనను ఉన్నదా యని సరిచూడుడు. వాన కురిసిన మరునాడు నీరు ఎటు పోవునో మీరు తరతరములుగా ఎరుగుదురు. ఆ జ్ఞానమును మరియొక పొరగా పటమునకు చేర్పించుకొనుడు. అప్పుడే కుంట తగినచోట పడును, సంఘపు ధనము నీటిపాలు కాకుండును.