పాలు తీసేవారి మోకాళ్ళు, నడుములు: కదలికే చికిత్స

ఈనిన గేదె లేవలేక చతికిలబడితే ఏం చేయాలో సంఘ సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. డాక్టరుగారు వచ్చి కాల్షియం ఎక్కించేలోగానే దాని కింద మెత్తగా గడ్డి పరుస్తారు. ఒకే పక్కన పడి ఉండకుండా రెండు మూడు గంటలకొకసారి నలుగురూ పట్టి పక్క మారుస్తారు. అలా మార్చకపోతే బరువంతా ఒక తొడ మీదే పడి కండ దెబ్బతింటుందనీ, జబ్బు కుదిరినా గేదె మళ్ళీ లేవకపోవచ్చుననీ పాడి చేసిన ప్రతివారికీ తెలుసు.

అదే ఇంట్లో మామ్మగారికి మోకాలు పట్టేసినా, ఇల్లాలికి నడుం పట్టినా మనం చెప్పే మాట వేరు. "కదలకు, మంచం దిగకు" అంటాం. నెల తిరిగేసరికి నొప్పి కాస్త తగ్గుతుంది గాని కాళ్ళలో సత్తువ పోతుంది. గొంతుక్కూర్చోలేక ఆమె పాలు తీయడం మానేస్తుంది. తీసేవారు లేక కొన్నాళ్ళకు గేదెను సంతకు తోలుతారు. ఒక సభ్యురాలు పాలు పోయడం ఆపేసిందంటే దాణా ధర పెరగడమే కారణమని అందరూ అనుకుంటారు. ఆమె మోకాలు కూడా కారణం కావచ్చునని ఎవరికీ తోచదు.

ఈ కీళ్ళ నొప్పులకు, దెబ్బలకు, తూలిపడే బలహీనతకు మందులతోపాటు, కొన్నిటికి మందులకన్న మిన్నగా, పనిచేసే చికిత్స ఫిజియోథెరపీ. పట్టేసిన కీలును, చిక్కిపోయిన కండను కొలత ప్రకారం కదిలిస్తూ తిరిగి పనిలోకి తెచ్చే వైద్యం ఇది. మన దేశంలో ఈ విద్య నేర్పే మొదటి పాఠశాల 1953లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో వెలిసింది. పోలియోతో కాళ్ళు చచ్చుబడిన పిల్లలను నిలబెట్టడం ఆనాడు దాని పెద్ద పని. 2014లో మన దేశాన్ని పోలియో రహితమని ప్రకటించారు. నేడు ఈ విభాగాలకు వచ్చేవారిలో మోకాళ్ళు, నడుములు, భుజాలు పట్టేసినవారూ, ఎముక విరిగి కట్టు విప్పించుకున్నవారూ, పక్షవాతం వచ్చినవారూ ఎక్కువ.

చాలామంది "కరెంటు పెట్టించుకొచ్చాం" అంటారు. వేడి పెట్టే యంత్రాలు, కరెంటు యంత్రాలు కొన్ని గంటలు నొప్పిని మరిపించగలవు. కండకు బలం ఇవ్వలేవు. యంత్రం పెట్టించుకుని, నేర్పిన వ్యాయామం చేయకుండా ఇంటికి వచ్చేవారు చికిత్సలో అసలు భాగాన్ని అక్కడే వదిలి వచ్చినట్టు.

మోకాలి సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఎముకల చివర నున్నటి మెత్తని పొర ఉంటుంది. "గుజ్జు అరిగింది" అని మనం అనేది దీని గురించే. ఈ పొరకు రక్తనాళాలు లేవు. కీలులో ఉండే జిగట ద్రవం నుంచే దానికి పోషణ అందాలి. కాలు మడిచి చాపినప్పుడు ఆ పొర నొక్కుకొని, మళ్ళీ వదులై ద్రవాన్ని పీల్చుకుంటుంది. అంటే కదలికే దానికి మేత అన్నమాట. కాలు కదపకుండా ఉంచితే ఆ మేత తగ్గుతుంది. పైగా తొడ ముందు భాగంలో ఉండే పెద్ద కండ కొద్ది రోజులకే చిక్కిపోవడం మొదలవుతుంది. అడుగు వేసినప్పుడు మోకాలికి పడే అదురును కాసేది ఆ కండే. అది బలహీనపడితే భారమంతా కీలు మీదికి దిగుతుంది, నొప్పి పెరుగుతుంది, నొప్పికి భయపడి ఇంకా తక్కువ నడుస్తాం. ఈ సుడిలోంచి బయటపడడానికి దారి తొడ కండకు పని చెప్పడమే.

ఇంట్లో చేయదగిన వ్యాయామం ఇది. మంచం మీద కాళ్ళు చాపి కూర్చోండి. తువ్వాలు చుట్ట చుట్టి మోకాలి కింద పెట్టండి. మోకాలితో ఆ చుట్టను కిందికి అదిమి, అయిదు లెక్కపెట్టేదాకా ఉంచి వదలండి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ఊపిరి బిగపట్టకూడదు. ఇది తేలికయ్యాక, వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి ఉంచి, రెండో కాలును వంచకుండా జానెడు ఎత్తు లేపి, అయిదు లెక్కపెట్టి దించండి. ఆ తరువాత చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. మొదట ఎత్తయిన కుర్చీ, బలం వచ్చేకొద్దీ తక్కువ ఎత్తుది. చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఉంటే బెదరనక్కరలేదు. మర్నాటి ఉదయానికి నొప్పి మునుపటికన్న ఎక్కువైతే, వాపు వస్తే, సగానికి తగ్గించండి. పూర్తిగా మానవద్దు. వారంలో ఫలితం ఆశించవద్దు. కండ బలపడడానికి రెండు నెలలైనా పడుతుంది.

ఒంటి బరువు ఎక్కువ ఉన్నవారికి ఇంకొక మాట. బరువు ఒక కిలో తగ్గితే నడకలో ప్రతి అడుగుకూ మోకాలి మీద భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో అమెరికాలో వెలువడిన పరిశోధన ఒకటి లెక్క కట్టింది.

వ్యాయామం చేస్తూనే పూటపూటా గొంతుక్కూర్చుని పాలు తీస్తే కుడితిలో ఒక చేత్తో తవుడు కలిపి రెండో చేత్తో తోడి పోసినట్టవుతుంది. మోకాలు పూర్తిగా మడిచి కూర్చున్నప్పుడు కీలు మీద ఒత్తిడి చాలా ఎక్కువ. జానెడున్నర ఎత్తు పీట వేసుకుంటే ఆ ఒత్తిడి బాగా తగ్గుతుంది. తన్నే గేదె దగ్గర పీట మీద నుంచి చటుక్కున లేవలేమని కొందరు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అటువంటి దానికి వెనక కాళ్ళకు తాడు వేసి కూర్చోవాలి, లేదా దాన్ని మోకాళ్ళు బాగున్నవారికి అప్పగించాలి. నెమ్మదస్థురాలైన గేదె దగ్గర కూడా గొంతుక్కూర్చోవడానికి అలవాటు తప్ప వేరే కారణం మాకు కనబడదు.

బొటనవేలు మడిచి చన్ను నొక్కి పాలు తీయవద్దని, పిడికిలి నిండా పట్టి తీయమని పశువైద్యులు ఎన్నాళ్ళుగానో చెబుతున్నారు. చన్నులు దెబ్బతింటాయని వారి భయం. బొటనవేలి కీలుకు, మణికట్టు నరాలకు కూడా అదే మంచి పద్ధతి. రాత్రిళ్ళు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి నిద్ర లేపుతుంటే మణికట్టు దగ్గర నరం నలుగుతున్నదని అనుమానించాలి. పడుకునేటప్పుడు మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుంటే చాలామందికి గుణం కనిపిస్తుంది. పట్టు తప్పి చెంబు జారిపోయే దాకా ఆగకుండా డాక్టరుకు చూపించాలి.

ఇక నడుం. పచ్చిగడ్డి మోపు, పేడ తట్ట, పాల క్యాను, మూడూ నడుం మీదికే వస్తాయి. నలభై లీటర్ల క్యాను నిండితే పాలే 41 కిలోలు, క్యానుతో కలిపి యాభైకి దగ్గర. దాన్ని ఒక్కరే ఎత్తడం మగతనం అనుకునే కుర్రాళ్ళు ప్రతి సంఘంలోనూ ఉంటారు. ఇద్దరు చెరొక పిడి పట్టి, మోకాళ్ళు వంచి, క్యాను ఒంటికి దగ్గరగా ఉంచుకుని లేవాలి. ఎత్తిన తరువాత నడుం మెలి తిప్పకూడదు. తిరగవలసివస్తే పాదాలతో తిరగాలి. నడుం పట్టినప్పుడు ఒకటి రెండు రోజులకు మించి మంచం పట్టనక్కరలేదు. ఇంట్లో తిరుగుతూ, మెల్లగా దూరం పెంచుతూ నడిస్తేనే త్వరగా కుదురుతుంది. అయితే కాలిలో బలం తగ్గుతున్నా, మూత్రం తెలియకుండా పోతున్నా, లేదా రాక బిగిసినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా వ్యాయామం, తైలం అంటూ కాలక్షేపం చేయవద్దు. ఆ రోజే పెద్ద ఆసుపత్రికి చేరాలి.

కొట్టంలో జారి చీలమండ బెణికితే వెంటనే వేడినూనె పోసి గట్టిగా తోమడం మన ఊళ్ళలో పరిపాటి. మొదటి రెండు రోజులు ఇది కీడే చేస్తుంది, వాపు పెరుగుతుంది. ఐసుముక్కలు గుడ్డలో చుట్టి పావుగంట సేపు అద్ది తీయడం, మెత్తని పట్టీ చుట్టడం, పడుకున్నప్పుడు కాలు దిండు మీద ఎత్తుగా పెట్టడం మంచిది. కుంటుకుంటూ అయినా నాలుగడుగులు వేయలేకపోతే, చీలమండ ఎముక మీద వేలు ఆనిస్తే ఓర్వలేకపోతే, ఎక్స్‌రే తీయించాలి. ఎముక బాగానే ఉందని తేలితే, రెండు మూడు రోజుల తరువాత పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం, ఓర్చుకోగలిగినంత నడవడం మొదలుపెట్టాలి. ఒకసారి బెణికిన కాలు మళ్ళీ మళ్ళీ బెణకడం చూస్తుంటాం. కీలు చుట్టూ ఉండే కట్లు సాగినప్పుడు పాదం ఏ వాలులో ఉందో మెదడుకు తెలిపే స్పర్శ కూడా మందగిస్తుంది. నొప్పి పోయాక గుంజ పట్టుకుని ఆ ఒక్క కాలి మీద అరనిమిషం నిలబడడం రోజూ అభ్యసిస్తే ఆ స్పర్శ తిరిగి వస్తుంది.

ఎముక విరిగి కట్టు వేసినప్పుడు ఇంకొక పొరపాటు జరుగుతుంది. మణికట్టు విరిగితే కట్టు మణికట్టుకే గాని వేళ్ళకు, భుజానికి కాదు. కట్టు ఉన్న ఆరు వారాలూ వేళ్ళు ముడిచి విప్పుతూ, చెయ్యి తల మీదికి ఎత్తుతూ ఉండాలి. మెడకు వేలాడదీసి ఊరుకుంటే మణికట్టు అతుక్కున్నా భుజం బిగుసుకుపోతుంది. మధుమేహం ఉన్నవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. కట్టు ఎవరు కట్టినా సరే, వేళ్ళు నల్లబడినా, చల్లబడినా, మొద్దుబారినా, వేళ్ళు చాపితే భరించరాని నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు. బిగువు కట్టు వల్ల చెయ్యే తీసేయవలసి వచ్చినవారున్నారు. కట్టు విప్పిన రోజు వైద్యం అయిపోయిందనుకోవద్దు, సగం మిగిలి ఉంది.

పెద్దవాళ్ళు తూలిపడడం గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. వయసులో అది మామూలే అంటారు. పడడానికి కారణాలుంటాయి. చాలావాటికి మార్గమూ ఉంది. కంటిలో శుక్లాలు, మధుమేహంతో అరికాళ్ళ స్పర్శ పోవడం, రక్తపోటు మాత్రల మోతాదు, కాళ్ళలో బలహీనత ఇందులో ముఖ్యమైనవి. తెల్లవారుజామున చీకట్లో, పేడనీళ్ళతో తడిసిన గచ్చు మీద, అరిగిన హవాయి చెప్పులతో నడవడం వీటికి తోడవుతుంది. పాలు తీసి ఒక్కసారిగా లేస్తే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరిగేవారు పీట మీదే కాసేపు ఆగి, గుంజ పట్టుకుని లేవాలి.

పక్క మీద అటు నుంచి ఇటు తిరిగితే, తల పైకెత్తితే ఇల్లంతా గిర్రున తిరిగి, నిమిషంలోపు తగ్గిపోయే తలతిప్పు ఒకటుంది. లోచెవిలో ఉండే సన్నని సున్నపు రవ్వలు చోటు తప్పి, పక్కనున్న నాళంలోకి జారడం వల్ల ఇది వస్తుంది. దీనికి ఏళ్ళ తరబడి మాత్రలు మింగేవారున్నారు. నేర్చినవారు తలను ఒక వరుసలో నాలుగైదు వాలులకు తిప్పి ఆ రవ్వలను వాటి చోటికి చేర్చగలరు. చాలామందికి ఒకటి రెండు సార్లతోనే నయమవుతుంది. మెడ నొప్పి ఉన్నవారు, వృద్ధులు దీన్ని ఎవరో చెప్పగా విని ఇంట్లో చేయబోవద్దు. తలతిప్పుతో పాటు మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒక పక్క చెయ్యి కాలు వాలిపోయినా అది పక్షవాతం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

కాళ్ళ నిలకడకు అభ్యాసం ఖర్చు లేనిది. గుంజ పట్టుకుని మడమలు ఎత్తి దించడం, ఒక పాదం మడమను రెండో పాదం వేళ్ళకు తాకిస్తూ గోడ పక్కన పది అడుగులు నడవడం. పక్కన ఒక మనిషి ఉండాలి. కొట్టంలో గచ్చు వేయించేటప్పుడు నున్నగా పాముకోకుండా గాట్లు పెట్టిస్తే గేదెకూ మేలే, మనిషికీ మేలే. ఒక బల్బు, పట్టుకోవడానికి అడ్డంగా కట్టిన వెదురు ఉంటే సరి.

తుంటి విరిగి ఆపరేషన్ అయిన పెద్దలను మర్నాడే నిలబెట్టడానికి ఆసుపత్రివారు ప్రయత్నిస్తే ఇంటివారు కంగారుపడి పోట్లాడుతుంటారు. వారి మాట వినండి. రోజుల తరబడి పడుకోబెడితే ఊపిరితిత్తులకు నెమ్ము చేరుతుంది, వీపు పుండ్లు పడుతుంది. పడిన గేదెకు పక్క మార్చినట్టే ఇదీ.

ఫిజియోథెరపిస్టు కావడానికి నాలుగేళ్ళ డిగ్రీ చదువు, ఆ పైన ఆసుపత్రిలో శిక్షణ ఉండాలి. మాలిష్ చేసేవారందరూ ఆ కోవలోకి రారు. ముందు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చూపించి, జిల్లా ఆసుపత్రికి చీటీ రాయించుకోండి. హైదరాబాదు నిమ్స్‌లోను, తిరుపతి స్విమ్స్‌లోను ఈ విద్య నేర్పే కళాశాలలున్నాయి. రోజూ పట్నం వెళ్ళిరావడం పాడి ఇంటివారికి కుదిరే పని కాదు. అందుకని మొదటి రోజే ఈ సంగతి చెప్పి, ఇంట్లో చేయవలసినవి చేసి చూపించమని అడగండి. వారి ఎదుట మీరు ఒకసారి చేసి, తప్పుంటే దిద్దించుకోండి.

ఇంట్లో రోజుకు ఇరవై నిమిషాలు ఆమెకు దొరకాలి. ఆ ఇరవై నిమిషాలూ పేడ ఎత్తేది ఎవరు, సంఘానికి పాలు మోసేది ఎవరు అన్నది ఇంటివారు ముందే తేల్చుకోవాలి. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఎక్స్‌రే, మందుల చీటీలతోపాటు గేదెలెన్ని, పూటకు ఎంతసేపు కూర్చుంటారు, పీట ఎత్తెంత, మోపు బరువెంత అన్నవి చెప్పండి. అడగకపోయినా చెప్పండి. మోకాలు ఎంత వంగాలో, ఎన్ని వారాలకు మళ్ళీ పాలు తీయవచ్చో వారు ఆ లెక్క మీదే నిర్ణయిస్తారు.