గండి ఒకటే, పల్లం మారుతుంది

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకదాన్ని పక్కన పెట్టబుద్ధి కాలేదు. నెలన్నర పాపకి గుండెలో రంధ్రం. పదో రోజున చూసిన డాక్టరు ‘కంగారేం లేదు, చాలావరకు వాటంతటవే పూడిపోతాయి, ఏడాది ఆగుదాం’ అన్నారట. మొన్న చూసినాయన మూడు నెలలు నిండేలోపే ఆపరేషన్ చేయించమన్నారట. రెండు రిపోర్టుల్లోనూ రంధ్రం 6 మిల్లీమీటర్లే. ‘ఇద్దరిలో ఎవరిది పొరపాటు?’ అని ఆ తల్లిదండ్రుల ప్రశ్న. ఎవరిదీ కాకపోవచ్చు అంటాను. గోడ మీద పిల్లివాటంగా చెప్పే మాట కాదిది. రంధ్రం కొలత మారకుండానే జబ్బు మారిపోవడం గుండెకున్న విచిత్రాల్లోకెల్లా విచిత్రం. ఆ సంగతి తెలిస్తే ‘ఎవరిని నమ్మాలి’ అన్న ప్రశ్న స్థానంలో ఇంకో ప్రశ్న వస్తుంది.

ముందు నాలుగు ముక్కల్లో నేపథ్యం. ప్రతి వెయ్యిమంది శిశువుల్లో సుమారు ఎనిమిది మంది ఏదో ఒక గుండె లోపంతో పుడతారు. వాటిలో ఎక్కువగా కనిపించేది కింది రెండు గదుల మధ్య గోడకు చిల్లు. ఎడమ గది ఒంటికంతా రక్తం తోస్తుంది, కుడి గది ఊపిరితిత్తులకు మాత్రమే తోస్తుంది. మిగతాది బడి పుస్తకంలో చదువుకున్నదే.

‘నీరు పల్లమెరుగు’ అంటాం. రక్తమూ అంతే. ఒకే గట్టుకు అటూ ఇటూ రెండు చెరువులున్నాయనుకోండి. గట్టుకు గండి పడితే ఎత్తు మట్టం నుంచి పల్లానికి నీళ్లు పోతాయి. మట్టాలు సమానమైతే గండి ఉన్నా చుక్క కదలదు. గండి గట్టంత వెడల్పయితే ఇక రెండు చెరువులు కావు, ఒకటే చెరువు. అప్పుడు ఏ తూము బాగా తెరుచుకుని ఉంటే నీళ్లు అటే పోతాయి. గుండెకున్న రెండు తూముల్లో ఒకటి ఒంటికి, ఒకటి ఊపిరితిత్తులకు. అమ్మ కడుపులో బిడ్డ ఊపిరితిత్తుల నిండా ద్రవమే. అక్కడి రక్తనాళాలు పిడికిలి బిగించినట్టు ముడుచుకుని ఉంటాయి. తొలి ఏడుపుతో గాలి చొరబడగానే పిడికిలి సడలడం మొదలవుతుంది. కానీ ఒక్క రోజులో పూర్తిగా విప్పుకోదు, ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పెద్ద రంధ్రం ఉన్న బిడ్డల్లో ఇంకా ఆలస్యమవుతుంది. అందుకే మొదటి వారంలో ఆ తూము సగం మూసే ఉంటుంది, రంధ్రంలోంచి పారేది కొద్దిగానే. బిడ్డ పాలు తాగుతుంది, నిద్రపోతుంది, ప్రసూతి వార్డు నుంచి హాయిగా ఇంటికి వెళ్తుంది. రెండో నెలలో తూము తెరుచుకుంటుంది. ఒంటికి పోవాల్సిన రక్తంలో పెద్ద వాటా మళ్లీ ఊపిరితిత్తుల్లోకే పొర్లిపోతుంది. రెండు గుక్కలు తాగి ఆగడం, పాలు తాగుతుంటేనే నుదుట చెమటలు, డొక్కలు ఎగరేయడం, వారం గడిచినా తూకంలో ముల్లు కదలకపోవడం అప్పుడు మొదలవుతాయి. పదో రోజున చూసిన డాక్టరు ఒక బిడ్డను చూశారు, నలభై అయిదో రోజున చూసినాయన ఇంకో బిడ్డను చూశారు. ఇలాంటి బిడ్డకు ఆక్సిజన్ పెట్టినా ఆ తూము ఇంకాస్త తెరుచుకుంటుంది, వరద పెరగొచ్చు. ప్రాణవాయువే బరువు కావడం వినడానికే విడ్డూరం!

చప్పుడు సంగతి ఇంకా తమాషా. కుళాయి గొట్టానికి బొటనవేలు అడ్డం పెడితే ధార సన్నబడి మోత పెరుగుతుంది. చిన్న రంధ్రం గట్టిగా చప్పుడు చేస్తుంది, పెద్దది మెల్లగా. పారిస్ పిల్లల వైద్యుడు ఆన్రీ రోజే 1879లోనే, పెద్ద చప్పుడుతో చిన్న చిల్లు ఉన్నవాళ్లు దాదాపు హాయిగా బతికేస్తారని రాశారు. ఎకో రిపోర్టులో ‘గ్రేడియంట్’ అని ఉండే అంకె ఈ మోతకు లెక్క. రంధ్రంలో రక్తం సెకనుకి 4 మీటర్ల వేగంతో దూకుతోందనుకోండి. నాలుగు నాలుగులు పదహారు, దాన్ని మళ్లీ నాలుగుతో హెచ్చవేస్తే 64. అదే రెండు గదుల మధ్య పీడనం తేడా. బిడ్డ పై బీపీ 90 అయితే కుడి గదిలో పీడనం 26 మాత్రమే. మంచి కబురు. వేగం ఒకటిన్నర మీటర్లే ఉంటే తేడా 9, కుడి గదిలో 81. రెండు చెరువులూ దాదాపు ఒకటైపోయాయి. అయితే ఈ చిన్న అంకెకు మూడు అర్థాలున్నాయి: పిడికిలి ఇంకా విప్పుకోలేదు, లేదా గండి పెద్దదై వరద పారుతోంది, లేదా ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడిపోయాయి. ఏ అర్థమో తేల్చేది బిడ్డ వయసు, బరువు, ఊపిరి వేగం. రంధ్రం మిల్లీమీటర్లొక్కటే చూసి తీర్పు చెప్పడం గండి వెడల్పు కొలిచి వరద లెక్క కట్టడమే.

మూడో అర్థం దగ్గర వైద్యలోకం అరవై ఏళ్లు తడబడింది. 1897లో వియన్నా డాక్టరు విక్టర్ ఐజెన్‌మెంగర్, నీలిరంగు దేలి రక్తం కక్కుకుని చనిపోయిన 32 ఏళ్ల మనిషి గుండెలో పెద్ద రంధ్రం చూశారు. మహాధమని కాస్త జరిగి ఆ రంధ్రం మీద కూర్చోవడమే నీలిరంగుకు కారణమని తర్వాత చాలాకాలం చాలామంది నమ్మారు. 1958లో లండన్‌లో పాల్ వుడ్ అసలు దోషి ఎక్కడుందో చూపించారు. ఏళ్ల తరబడి వరద తాకిడికి ఊపిరితిత్తుల నాళాలే మందమెక్కి పూడుకుపోతాయి. అప్పుడు పల్లం తిరగబడి, చెడురక్తం కుడి నుంచి ఎడమకు పారుతుంది. రంధ్రం ఎక్కడున్నా కథ ఇదే. అదే ఏడాది హీత్, ఎడ్వర్డ్స్ అనే ఇద్దరు ఆ మందమెక్కడాన్ని ఆరు మెట్లుగా విడదీశారు. కింది మెట్లమీద ఉన్నప్పుడు రంధ్రం మూస్తే నాళాలు కోలుకుంటాయి, పై మెట్లకు చేరాక కోలుకోవు. అప్పుడా రంధ్రమే మిగులు నీటిని వదిలే కలుజు, దాన్ని మూస్తే కుడి గది కుప్పకూలుతుంది. చప్పుడు తగ్గిందని ఇంట్లోవాళ్లు సంతోషించే రోజు ఒక్కోసారి రంధ్రం పూడిన రోజు, ఒక్కోసారి ఆపరేషన్‌కు తలుపు మూసుకుపోతున్న రోజు.

కాబట్టి ఒకే రోజు చూసినా ఇద్దరు డాక్టర్ల మధ్య తేడా రావచ్చు, అది ఎక్కువసార్లు చూసినదాని గురించి కాదు, జరగబోయేదాని గురించి. అక్కడ రంధ్రం ఉన్న చోటుది పెద్ద మాట. కండర భాగంలోని చిన్న చిల్లులు చాలావరకు మొదటి రెండేళ్లలో మూసుకుంటాయి. రక్తం లోపలికొచ్చే కవాటాల పక్కనున్నవి మూసుకోవు. మహాధమని కవాటం కిందున్నది చిన్నదైనా ఆ కవాటపు రెక్కను లోపలికి లాగి పాడుచేయగలదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డలో నాళాలు త్వరగా గట్టిపడతాయి, అక్కడ వేచి చూసే గడువు తక్కువ.

‘ఇవన్నీ దేనికి, ఆపరేషన్ చెప్పినాయన డబ్బు కోసం చెప్పారు’ అనేవాళ్లుంటారు. అలాంటివాళ్లు లేరనను. కానీ ఆ అనుమానంతో మొదలుపెడితే ఆగమన్న ప్రతివాడూ మంచివాడైపోతాడు, అది ప్రమాదం. ‘పోనీ, వెంటనే మూయించేస్తే పీడా వదులుతుంది కదా’ అనేది రెండో అభ్యంతరం. గుండెకు కొట్టుకోమని చెప్పే సన్నటి తీగలాంటి కట్ట చాలా రంధ్రాల అంచు వెంబడే పోతుంది. కుట్టు అక్కడ పడితే బిడ్డకు జీవితాంతం పేస్‌మేకర్ కావాల్సి రావచ్చు. అరుదే, కానీ దానంతటదే పూడిపోయే చిల్లు కోసం ఆ అరుదు కూడా ఎక్కువే. ఇక ‘పది కిలోలు రానివ్వండి’ అనే పాత సలహా. అది ఒకప్పుడు బంగారంలాంటి మాట. 1954లో మినియాపొలిస్‌లో వాల్టన్ లిల్లెహై, కన్నవాళ్ల ఒంటినే బిడ్డకు గుండె, ఊపిరితిత్తుల యంత్రంగా వాడి ఇలాంటి రంధ్రాలు మూయడం మొదలుపెట్టారు. ఆ పద్ధతిలో ఆపరేషన్ జరిగిన 45 మందిలో 28 మంది ఇంటికి వెళ్లారు. ఆ రోజుల్లో పసికందును టేబుల్ ఎక్కించడమంటే భయమే. ఇవాళ ఆ ఆపరేషన్లు నిత్యం చేసేచోట మూడు నాలుగు కిలోల బిడ్డలకూ చేస్తున్నారు. పెద్ద రంధ్రమున్న బిడ్డ వరదలో ఎదగలేదు. ఎదిగాక చేద్దామంటే ఎదగనిస్తున్నదెవరు?

ఉపయోగం అడిగేవాళ్ల కోసం ఇంకో మాట, కాస్త విసుగుతోనే. మన దగ్గర రెండో డాక్టరు దగ్గరికి కాగితం ఒక్కటే పట్టుకెళ్తాం, ఎకో దృశ్యాలున్న సీడీ అడగం. రిపోర్టు రాసేవాళ్లలోనూ కొందరు బిడ్డ బరువు, బీపీ వేయరు. అవి లేని గ్రేడియంట్‌కు అర్థం లేదు. సీడీ అడిగి తీసుకోండి. వారానికోసారి ఒకే తూకం మీద పాపను తూచి తేదీతో రాసి ఉంచండి. ఇద్దరినీ ‘రంధ్రం ఎంత’ అని కాక ‘ఎక్కడుంది, ఊపిరితిత్తుల్లో పీడనం ఎంత, ఏం మారితే మీ మాట మారుతుంది, ఏ తేదీకి’ అని అడగండి. ఏడాది ఆగమన్న డాక్టరుకు ఆ నలభై అయిదో రోజు ఎకో ఇంకా చూపించలేదని ఉత్తరంలోనే ఉంది. రేపే తీసుకెళ్లి చూపించండి. ఈలోగా పాప పాలు మానేసినా, డొక్కలు ఎగరేసినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, అదే రాత్రి ఆసుపత్రికి వెళ్లండి.