పాత కారు: తీసేయాలా, ఉంచుకోవాలా?

పన్నెండేళ్ల కారు షెడ్డుకు వెళ్లింది. క్లచ్ ప్లేట్లు, సస్పెన్షన్ బుష్‌లు, రేడియేటర్ కలిపి 40 వేలవుతుందన్నాడు మెకానిక్. ఆ కారు అమ్మితే వచ్చేది లక్ష. "లక్ష రూపాయల బండికి 40 వేలు పెట్టడమేంటి, తీసేద్దాం" అని ఇంట్లో తీర్మానం అయిపోతుంది. ఎన్నో కార్లు ఇలాగే చేతులు మారుతున్నాయి. కానీ ఈ లెక్క తప్పు. రిపేరు బిల్లును పోల్చాల్సింది పాత కారు ధరతో కాదు, దాని స్థానంలో వచ్చే కారుకు ఏడాదికయ్యే ఖర్చుతో.

యంత్రాన్ని ఎప్పుడు మార్చాలన్నది ఆపరేషన్స్ రీసెర్చ్ అనే శాస్త్రంలో పాత ప్రశ్నే. కొత్త యంత్రం విలువ మొదటి ఏళ్లలో వేగంగా పడిపోతుంది, తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది. మరమ్మతుల ఖర్చు మొదట్లో తక్కువ, పోనుపోను పెరుగుతుంది. రెండూ కూడి, వాడిన ఏళ్లతో భాగిస్తే వచ్చే సగటు కొన్నేళ్లు దిగుతూ పోయి, ఒకచోట కనిష్ఠానికి చేరి, మళ్లీ పైకి లేస్తుంది. పాత యంత్రానికి రాబోయే ఏడాది అయ్యే ఖర్చు, కొత్త యంత్రపు ఆ కనిష్ఠ సగటును దాటేదాకా పాతదాన్ని ఉంచుకోవడమే లాభం. నిరుడు పెట్టిన డబ్బుకు ఇందులో చోటు లేదు. టైర్లు మొన్ననే మార్పించాం కదా అన్నది కారణం కాదు, ఆ టైర్లు ఇంకెన్నాళ్లు వస్తాయన్నదే కారణం.

8 లక్షల కొత్త కారు పదేళ్ల తర్వాత 2 లక్షలకు పోతుందనుకుందాం. ఏటా 60 వేలు విలువ రూపంలోనే కరిగిపోతుంది. అప్పు వడ్డీ, లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్, సర్వీసింగ్ కలిపితే ఏడాదికి లక్ష దాటుతుంది. పాత కారుకు పెట్టే 40 వేలు రెండేళ్లపాటు పనికొస్తే ఏడాదికి పడేది 20 వేలే. మామూలు ఖర్చులు, తగ్గే విలువ కలిపినా 60, 70 వేలకు మించడం కష్టం.

అయితే తిరిగే దూరాన్ని బట్టి ఈ లెక్క మారుతుంది. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారు పోయి 20 ఇచ్చేది వచ్చిందనుకోండి. ఏడాదికి 5 వేల కిలోమీటర్లు తిరిగేవారికి మిగిలేది 83 లీటర్లు. 24 వేలు తిరిగేవారికి 400 లీటర్లు, అంటే లీటరు 105 రూపాయల చొప్పున 42 వేలు. నడిరోడ్డు మీద బండి ఆగితే పోయే పనిదినాల విలువనూ వీరు కలుపుకోవాలి. వీరికి కొత్త కారు త్వరగా గిట్టుబాటవుతుంది.

తక్కువ తిప్పాం కాబట్టి బండి కొత్తగానే ఉందనే నమ్మకం మాత్రం మంచిది కాదు. కారుకు వయసు రెండు దారుల్లో వస్తుంది. పిస్టన్ రింగులు, బేరింగులు, క్లచ్ కిలోమీటర్లతో అరుగుతాయి. రింగులు, సిలిండర్ గోడలు అరిగితే ఆయిల్ పైకెక్కి మండుతుంది, సైలెన్సర్ నీలం పొగ వదులుతుంది. మెకానిక్‌లు 'ఇంజన్ ఆయిల్ తాగుతోంది' అనేది దీన్నే. ఆ ఆయిల్‌లోని భాస్వరం, పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టర్‌లోని ప్లాటినం, పల్లాడియం పనిచేయకుండా కప్పేస్తుంది. రబ్బరు సంగతి వేరు. గొట్టాలు, బెల్టులు, టైర్లు ఎండకు, ఆక్సిజన్‌కు, ఓజోన్‌కు కదలకుండా ఉన్నా గట్టిపడి బీటలిస్తాయి. టైరు పక్కగోడపై నాలుగంకెలుంటాయి. 2318 అంటే 2018లో 23వ వారంలో తయారైందని. మీటరు ఎంత తక్కువ చూపించినా ఆ తేదీ మారదు.

తక్కువ వాడకం వల్ల ఇంకో కీడు ఉంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. దూరం నడిచిన బండిలో సైలెన్సర్ వేడెక్కి ఆవిరి బయటికి పోతుంది. వీధి చివరి కూరగాయల దుకాణం దాకా వెళ్లొచ్చే బండిలో అది నీరై లోపలే నిలిచి, ఇనుమును తినేస్తుంది.

తుప్పు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డబ్బు లెక్క ఆగిపోయేది అక్కడే. ఇనుము తుప్పు పట్టడం ఒక విద్యుత్ రసాయన చర్య. లోహంలో ఒకచోట ఎలక్ట్రాన్లు విడిపోతాయి, ఇంకోచోట నీరు, ఆక్సిజన్ వాటిని అందుకుంటాయి. ఉప్పు కలిసిన తడి ఆ రెండు చోట్ల మధ్య విద్యుత్తును సులువుగా నడుపుతుంది. అందుకే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీర ఊళ్లలో కార్లకు తుప్పు భయం ఎక్కువ. ఏర్పడిన తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమించి పెయింటును పైకి లేపుతుంది, కొత్త లోహం బయటపడుతుంది.

నేటి కార్లలో చాలావాటికి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. బానెట్ అంచున తుప్పు చూపుకే లోపం. తలుపుల కింది పట్టీల్లో, సస్పెన్షన్ బిగించే చోట, జాకీ పెట్టే చోట తుప్పు పడితే ప్రమాదంలో ఢీకొట్టే శక్తిని తట్టుకోవాల్సిన లోహమే లేనట్టు. అక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగబడుతోందంటే, టింకరింగ్ చేయించి పెయింటు వేయించడం మోసం. అందులో పిల్లల్ని కూర్చోబెట్టకూడదు. ఇంజన్ ఎంత బాగున్నా సరే.

భద్రతలో ఇంకో విషయం. మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నింటికీ బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరైంది 2019 ఏప్రిల్ నుంచి. క్రాష్ పరీక్షలు కొత్త మోడళ్లకు 2017 అక్టోబరు నుంచి, అప్పటికే అమ్ముతున్న మోడళ్లకు 2019 అక్టోబరు నుంచి తప్పనిసరయ్యాయి. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ లేని కారులో తరచూ హైవే ఎక్కే కుటుంబం రిపేరు బిల్లు చిన్నదైనా మార్చుకోవడమే నయం.

పర్యావరణం కోసం మార్చేస్తున్నాం అనేవారూ లెక్క చూడాలి. లీటరు పెట్రోలుకు దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్. పైన చెప్పిన 83 లీటర్ల ఆదా ఏడాదికి 190 కిలోలు. కొత్త కారు తయారీలో వెలువడేది 6 టన్నులనుకున్నా, అది తీరడానికి 30 ఏళ్లు పైనే. అయితే ఊపిరికి హాని చేసే పొగ విషయంలో 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 ఉద్గార ప్రమాణాల బండ్లు చాలా మెరుగు. నగరంలో రోజంతా తిరిగే పాత డీజిల్ బండిని అందుకే ముందు తీసేయాలి.

సొంత కారు ఆర్సీ 15 ఏళ్లకు ముగుస్తుంది. తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. తుక్కుకే ఇవ్వాలనుకుంటే రిజిస్టర్ అయిన స్క్రాపింగ్ కేంద్రంలో ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి. దానితో కొత్త సొంత కారు పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వడానికి కేంద్ర నిబంధనలు వీలు కల్పించాయి. ఎవరికైనా అమ్మితే పేరు మార్పు పూర్తయ్యేదాకా వదలకండి. ఆ బండి ప్రమాదం చేస్తే ఆర్సీలో పేరున్నవారే పరిహారానికి బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది.