కథకుడు ఒకరే.. జట్టు మారుతూనే ఉంటుంది

నర్మెట్ట: మల్లన్న పట్నం వేసిన ఇంటి ముందు పొద్దుపోయాక డోలు మోగిందంటే ఒగ్గు కథ మొదలైనట్టే. నడుమ నిలిచి కథ నడిపే పెద్దను ఊరంతా పేరుతో గుర్తుపడుతుంది. వెనుక డోలు, తాళాలు, నపీర పట్టినవారిలో నిరుడు వచ్చినవారెవరో, ఈ ఏడు కొత్తగా చేరినవారెవరో పట్టించుకునేవారు తక్కువ. కథ పండటం, పండకపోవటం మాత్రం చాలావరకు ఆ వెనుక వరుసపైనే ఆధారపడి ఉంటుంది.

2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగే వరకు నర్మెట్ట, చేర్యాల, కొమురవెల్లి అన్నీ వరంగల్ జిల్లాలోనివే. కొమురవెల్లి సిద్దిపేట జిల్లాలోకి, నర్మెట్ట జనగామ జిల్లాలోకి వెళ్లినా మల్లన్న మొక్కులకు ఆ హద్దులు అడ్డురాలేదు. సంక్రాంతి తర్వాత వచ్చే పట్నం వారంతో ఊపందుకునే జాతర ఉగాది ముందు ఆదివారం వరకు సాగుతుంది. ఆ రోజుల్లో గుడి వద్ద పట్నాలు వేయటానికీ ఒగ్గు పూజారులే కావాలి, పల్లెల్లో ఇంటి కొలుపులకూ వారే కావాలి. ఒకే రోజు రెండు పిలుపులు వస్తే జట్టు రెండుగా చీలక తప్పదు. ఖాళీ అయిన చోటును పక్క ఊరి బంధువో, మరో జట్టు నుంచి అడిగి తెచ్చుకున్నవారో నింపుతారు.

అన్ని చోట్లూ ఒకే తీరున నిండవు. దరువు తెలిసినవారు డోలు అందుకుంటే ఆ రాత్రి గడిచిపోతుంది. నపీర ఊదేవారు దొరకటం కొంత కష్టం. అసలు చిక్కంతా వంత పాడేవారితోనే. పేరుకు వంతే గానీ ఆయన చేసేది సగం కథ. ప్రధాన కథకుడు మల్లన్నగా మాట్లాడుతుంటే ఈయన తలపై కండువా కప్పుకొని మేడలమ్మ అవుతారు, మరుక్షణం కేతమ్మ అవుతారు, అంతలోనే కండువా తీసి ఊరి మనిషిగా ఎకసెక్కమాడతారు. పెద్దాయన ఎక్కడ వచనం ఆపి పాట ఎత్తుకుంటారో, ఎక్కడ కావాలనే సాగదీస్తారో ఊపిరిని బట్టి పసిగట్టాలి. కలిసి ఎన్నో రాత్రులు నిలబడితే తప్ప అది అలవడదు.

రాక్ సంగీత బృందాల పర్యటనల్లోనూ ఇటువంటి మార్పులు మామూలే. బ్రిటన్‌కు చెందిన ప్రఖ్యాత బృందం రోలింగ్ స్టోన్స్‌లో 1963 నుంచి డ్రమ్స్ వాయించిన చార్లీ వాట్స్ 2021 ఆగస్టు 24న మరణించారు. నెల రోజులు గడిచేసరికి, సెప్టెంబరులో, అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పర్యటన మొదలైంది. ఆ స్థానంలో కూర్చున్న స్టీవ్ జోర్డన్ కొత్తవారేమీ కాదు. బృందంలోని గిటారిస్టు కీత్ రిచర్డ్స్‌తో 1980ల నుంచి కలిసి పనిచేసినవారు. పైగా వాట్స్ వాయించిన ప్రతి దరువూ రికార్డుల్లో భద్రంగా ఉంది. ఒగ్గు జట్టులో చేరే కుర్రవాడికి ఆ వెసులుబాటు తక్కువ. కథ రాతలో ఉండదు, పెద్దాయన నోట్లో ఉంటుంది. నిన్న చెప్పినట్టే ఈ రోజూ చెబుతారన్న హామీ కూడా లేదు.

ఒగ్గు కథకు దేశవ్యాప్త గుర్తింపు తెచ్చిన చుక్క సత్తయ్య ఈ జిల్లావారే. లింగాలఘనపురం మండలం మాణిక్యాపురంలో 1935లో జన్మించారు. 2014 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. 2017 నవంబరులో కన్నుమూశారు. పన్నెండు వేలకు పైగా ప్రదర్శనలు ఇచ్చారని చెబుతారు. ఆ లెక్కను యాభై ఏళ్లకు పంచినా ఏడాదికి 240 వస్తాయి. సేద్యం, గొర్రెల మంద, ఇంటి పెళ్లిళ్లు ఉన్న మనుషులు అన్ని రాత్రులూ ఒక్కరినే అంటిపెట్టుకొని తిరగటం సాధ్యమయ్యే పని కాదు. జనం సత్తయ్య కథ అనే అన్నారు, ఆయన పక్కన నిలిచినవారి పేర్లు అడిగినవారు అరుదు. ఆడవేషం కట్టి మెప్పించటంలో ఆయనకున్న పేరును తలచుకుంటే, వంతవారు చేయాల్సిన పనిని కూడా తన మీద వేసుకోగల కథకుడని అర్థమవుతుంది. అటువంటివారికి జట్టు మారినా చెల్లుతుంది. అందరికీ చెల్లదు.

డోలుకే గిరాకీ

2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తర్వాత ప్రభుత్వ సభలు, బోనాలు, ఊరేగింపుల్లో ఒగ్గుడోలు విన్యాసం తరచుగా కనిపిస్తోంది. పదులకొద్దీ కళాకారులు ఒకే దరువుపై అడుగు వేస్తారు, ఒకరి భుజాలపై ఒకరు నిలబడి డోలు కొడతారు. చూడముచ్చటైన కళ, యువకులకు నాలుగు డబ్బులు తెచ్చే కళ. అక్కడ ఒకరు రాకపోతే మరొకరు నిలబడతారు, ప్రదర్శనకు లోటు కనిపించదు. అయితే దాని వల్ల కథ జట్లకు ఇబ్బంది వచ్చిపడింది. డోలు నేర్చిన కుర్రవాడు వరుసలో ఇరవయ్యోవాడిగా నగరానికి వెళ్లగలడు. పెద్దాయన పక్కన ఏళ్ల తరబడి నిలబడి వంత నేర్చుకోవటానికి ఓపిక పట్టేవారు తగ్గుతున్నారు.

దీని ఫలితం కథలోనే కనబడుతుంది. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను కొన్ని రాత్రుల పాటు సాగదీసి చెప్పటం ఒకప్పటి పద్ధతి. సరైన వంత లేని రోజున కథకుడు సంభాషణలను కుదించి, తెలిసిన పాటలతో నడిపించి, గంటా రెండు గంటల్లో మల్లన్న పెళ్లి దాకా తెచ్చి ముగిస్తారు. పట్నం వేయటం, మొక్కు తీర్చటం యథావిధిగా జరిగిపోతాయి. మేడలమ్మ మాట్లాడవలసిన చోట మాత్రం డోలు ఒక్కటే మోగుతుంది.