కొల్లేటి గట్ల మీద సైకిల్ సవారీ: గ్రావెల్ దారులు ఎక్కడున్నాయి, జాగ్రత్తలేమిటి?

ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు పట్టణాల్లో తెల్లవారుజామున సైకిల్ తొక్కేవాళ్లు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. డాక్టరు నడవమన్న పెద్దలూ, కొత్త గేర్ సైకిల్ కొనుక్కున్న కుర్రాళ్లూ వీరిలో ఉన్నారు. అయితే హైవే మీద లారీల పక్కన తొక్కాలంటే ఇంట్లోవాళ్లకు భయం. అందుకే చాలామంది చూపు మట్టి దారుల మీద పడుతోంది. ప్రపంచంలో దీన్ని 'గ్రావెల్ బైకింగ్' అంటున్నారు.

అసలు గ్రావెల్ బైకింగ్ అంటే?

తారు రోడ్డు వదిలి కంకర, మట్టి, అడవి బాటల మీద ఎక్కువ దూరం సైకిల్ తొక్కడమే గ్రావెల్ బైకింగ్. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం ఎంపోరియా పట్టణంలో 2006లో కొద్దిమందితో మొదలైన పోటీ ఈ ఆటకు పేరు తెచ్చింది. 2022లో ఇటలీలో తొలి ప్రపంచ గ్రావెల్ ఛాంపియన్‌షిప్ జరిగింది. విదేశాల్లో ఈ దారులు ఎక్కువగా కొండల మధ్య, అడవుల గుండా సాగుతాయి.

మన దగ్గర 'గ్రావెల్' అనే మాటకు కొత్తగా అర్థం చెప్పక్కర్లేదు. గోదావరి జిల్లాల్లో గ్రావెల్ అంటే ఎర్ర మట్టి, గులకరాళ్లు కలిసిన మొరం. మెట్ట ప్రాంతంలో తవ్వి టిప్పర్లలో తెచ్చి, పల్లపు ఊళ్ల రోడ్లకూ, గట్లకూ పోస్తారు. కొల్లేటి పక్కన తొక్కేవాడి టైరు కింద ఉన్నది చాలాచోట్ల మెట్ట నుంచి దిగివచ్చిన మట్టే.

ఏ సైకిల్ కావాలి?

గ్రావెల్ సైకిల్‌కు టైర్లు సుమారు 38 నుంచి 50 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటాయి. బ్రేకులు డిస్కువి. టైర్లో గాలి తక్కువ పెడతారు. రోడ్డు రేసు సైకిల్‌కు 80, 90 పీఎస్‌ఐ దాకా కొడితే, దీనికి మనిషి బరువును బట్టి 30 నుంచి 40 సరిపోతుంది. గాలి కాస్త తగ్గితే టైరు రాయిని మింగినట్టు మెత్తగా పోతుంది, చేతులకు అదురు తగ్గుతుంది. మరీ తగ్గిస్తే మాత్రం రాయి తగిలి ట్యూబు చిరుగుతుంది.

అలాగని లక్ష రూపాయలు పెట్టి కొనాల్సిన పనిలేదు. పాలు పోసేవాళ్లు వాడే పాతకాలం 28 అంగుళాల సైకిల్ టైరు కూడా దాదాపు 40 మిల్లీమీటర్ల వెడల్పే ఉంటుంది. బ్రేకులు బాగుండి, చైను బిగువుగా ఉంటే కొల్లేటి చదును దారులకు అదే చాలు. గేర్ల అవసరం మెట్ట ఎక్కినప్పుడు తెలుస్తుంది.

మొదటి దారి: కైకలూరు - ఆటపాక - కొల్లేటికోట

కైకలూరుకు గుడివాడ - భీమవరం లైనులో రైలు ఉంది. ఊరి పక్కనే ఆటపాక పక్షుల కేంద్రం. చలికాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇక్కడ గుంపులుగా ఉంటాయి. చెట్లు చాలక అటవీశాఖ నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెడితే, వాటి మీద గూళ్లు కట్టి పిల్లల్ని చేస్తున్నాయి. అక్కడినుంచి ఆకివీడు వైపు హైవే మీద ఆలపాడు చేరి, లోపలికి తిరిగితే కొల్లేటికోట. దారికి రెండువైపులా చేపల చెరువులే. పెద్దింట్లమ్మ ఆలయం ఉన్న ఈ లంక ఊరికి ఫాల్గుణ మాసం జాతరలో జనం విపరీతంగా వస్తారు. ఆ రోజుల్లో సైకిల్‌తో వెళ్లకపోవడమే మంచిది. హైవే ముక్క తప్ప మిగతా దారి కొత్తవాళ్లకూ, పదేళ్లు దాటిన పిల్లలకూ తేలికే. ఎత్తుపల్లాలు లేవు. ఒక్కటే ఇబ్బంది, ఎదురుగాలి. అందుకే వెళ్లేటప్పుడు గాలికి ఎదురు తొక్కి, అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు గాలి వీపున ఉండేలా చూసుకోవాలి.

రెండో దారి: కొండలు కావాలంటే

ఏలూరు నుంచి ఉత్తరంగా సుమారు 40 కిలోమీటర్లలో, కామవరపుకోట దగ్గర గుంటుపల్లి బౌద్ధ గుహలు ఉన్నాయి. రెండు వేల ఏళ్లకు పైబడిన ఈ గుహలు కొండను తొలిచి చేసినవి. అక్కడికి వెళ్లేసరికి నల్లమట్టి పోయి ఎర్రనేల వస్తుంది, వరి పోయి ఆయిల్‌పామ్, జీడిమామిడి తోటలు వస్తాయి. తాడేపల్లిగూడెం వాళ్లకు దగ్గరిది ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్న వెంకట్రామన్నగూడెం వైపు మెట్ట. తోటల మధ్య డొంక దారులు గ్రావెల్ సైకిల్‌కు సరిగ్గా సరిపోతాయి. తోట సొంతదారును అడిగి వెళ్లాలి.

ఇంకా పైకి జంగారెడ్డిగూడెం, బుట్టాయగూడెం దాటితే తూర్పు కనుమల అడవి మొదలవుతుంది. పాపికొండల అడవి 2008 నుంచి జాతీయ ఉద్యానం. అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా లోపలి బాటల్లోకి పోకూడదు. 2024 మొదట్లో జిల్లా మెట్ట మండలాల్లో పెద్దపులి తిరిగిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అడవి దారిలో ఒంటరిగా, చీకటితో బయలుదేరడం ధైర్యం అనిపించుకోదు.

గట్టు దారి వెనుక కథ

కొల్లేటి గట్ల మీద తొక్కేవారు తెలుసుకోవాల్సిన ముఖ్య విషయం ఒకటుంది. ఆ గట్లన్నీ రోడ్లు కావు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు చేరతాయి. నీరు బయటకు పోయేది ఉప్పుటేరు ద్వారా మాత్రమే. అది సుమారు 60 కిలోమీటర్లు పారి సముద్రంలో కలుస్తుంది. ఈ మధ్యలో చేపల చెరువుల కోసం వేసిన ప్రతి గట్టూ నీటికి అడ్డుకట్టే.

1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్ల మేర కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో దీనికి అంతర్జాతీయ రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో అభయారణ్యంలోని చెరువు గట్లను పేల్చి, తవ్వి తొలగించారు. చెరువులే బతుకైన లంక ఊళ్లకు అది కోలుకోలేని దెబ్బ అయింది. హద్దును మూడో కాంటూరుకు తగ్గించాలని 2008లో శాసనసభ తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ తగ్గించవద్దని చెప్పింది. తర్వాత గట్లు మళ్లీ లేచాయి, వివాదం కోర్టుల దాకా వెళ్లింది.

ఇది సైకిల్ తొక్కేవాడికి ఎందుకంటే, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరినప్పుడు చినఎడ్లగాడి దగ్గర ఏలూరు - కైకలూరు రోడ్డు మీదుగానే నీరు పారింది. లంక ఊళ్లకు పడవే దిక్కయింది. గట్టు దారి ఎండాకాలంలో రోడ్డు, వరదకాలంలో నీళ్ల పాలు. మ్యాపులో గీత కనబడింది కదా అని పోకుండా, ముందురోజు ఆ ఊరివాళ్లను అడగడం తప్పనిసరి.

కుటుంబాలకు జాగ్రత్తలు

• నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. మంచు దట్టంగా ఉంటే ఎండ వచ్చాకే బయలుదేరాలి. వాన పడితే నల్లరేగడి చక్రానికి చుట్టుకుని సైకిల్ కదలదు.

• దుపట్టా, బురఖా, షల్వార్ అంచులు చైనులోనో, వెనక చక్రం ఊచల్లోనో చిక్కుకుంటే ప్రమాదం. చైన్ కవరు, వెనక చక్రానికి జాలీ పెట్టించాలి. దుపట్టా ముడివేసుకోవాలి. పెద్దా చిన్నా అందరికీ హెల్మెట్ ఉండాలి.

• చేపల లారీల నుంచి కారే నీళ్లతో రోడ్డు జారుతుంది. మలుపుల్లో ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు.

• చెరువుల దగ్గర కాపలా కుక్కలుంటాయి. వెంటబడితే వేగం పెంచొద్దు. దిగి, సైకిల్‌ను కుక్కకూ మనకూ మధ్య ఉంచి నెమ్మదిగా నడవాలి.

• మనిషికి రెండు లీటర్ల నీళ్లు, కొన్ని ఖర్జూరాలు, పంచర్ సామాను, చిన్న పంపు వెంట ఉండాలి. గట్ల మీద చాలాదూరం దుకాణం గానీ, నీడ గానీ దొరకదు. చెరువు అంచున పిల్లల్ని ఒంటరిగా వదలొద్దు.

• పక్షుల గూళ్ల దగ్గర బెల్లు కొట్టడం, పాటలు పెట్టడం, డ్రోన్ ఎగరేయడం వద్దు. తల్లి పక్షి ఎగిరిపోతే గుడ్లు ఎండకు మాడతాయి, లేదా కాకుల పాలవుతాయి.

గట్టు మీద ఎదురయ్యే మనిషి చెరువు కాపలాదారో, మేత వేసే కూలీనో అయి ఉంటాడు. సైకిల్ దిగి, సలాం చెప్పో, నమస్కారం పెట్టో "ఈ దారి ఎటు పోతుందండీ?" అని అడిగితే, ఫోన్లో మ్యాపుకు తెలియని దారి కూడా చెబుతాడు. గట్టు తెగిందో, నీళ్లెక్కాయో ముందుగా తెలిసేది అతనికే. అతను వద్దంటే వెనక్కి తిరగాలి. మిగిలిన దారి మరో ఆదివారం తొక్కవచ్చు.